బుడ్డల బూజు నుంచి మడ అడవి దాకా: శిలీంధ్రాల రసాయన ముద్ర చదివే పని

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, బోటనీ, బయోటెక్నాలజీ చదివిన పిల్లలు కర్నూలు జిల్లాలో ఆదోని, ఎమ్మిగనూరు, దేవనకొండ వైపు తక్కువేమీ లేరు. ప్రాజెక్టు దగ్గరికో పీహెచ్‌డీ దగ్గరికో వచ్చేసరికి వాళ్లలో కొందరి చేతికి ఇలాంటి టాపిక్ ఒకటి వస్తుంది: మడ మొక్కల లోపల బతికే శిలీంధ్రాలను వేరుచేసి, అవి తయారుచేసే రసాయనాలను బట్టి ఏది ఏ జాతో తేల్చడం. ఇంట్లో చెబితే నాన్న అడిగే ప్రశ్న ఒకటే: "దీంతో ఉద్యోగం వస్తాదా?"

టాపిక్ పేరు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఆ టాపిక్ చేస్తూ చేతికి పట్టుబడే పని ఒకటుంది, దానికి ఇస్తారు. ఒక బూజు వదిలిన రసాయనాలను ప్లేటు మీదో మిషన్ మీదో విడదీసి, ఆ మచ్చలనూ గీతలనూ చదివి, "ఇది ఫలానాది, ఇంతవరకు నమ్మొచ్చు, ఇక్కణ్నుంచి నమ్మడానికి లేదు" అని చెప్పగలగడమే ఆ పని. ఆహార పరీక్ష ల్యాబులు, వేరుశనగ ఎగుమతిదారులు, కోళ్ల దాణా మిల్లులు, పాల డెయిరీలు, మందుల కంపెనీలు, అందరికీ కావలసింది ఈ చేయి తిరిగిన మనిషి. మడ అడవి మీద లావుపాటి థీసిస్ రాసి కూడా ఈ పని రానివాళ్లున్నారు. మడ మొక్క మొహం చూడకుండా, మన బుడ్డల మీదే, అంటే వేరుశనగ మీదే, దీన్ని నేర్చుకునే వీలూ ఉంది. నా సలహా, రెండో దారిలో మొదలుపెట్టమని.

ఆకు లోపల ఎవరున్నారు?

ముందు మడ అడవి సంగతి. కాకినాడ పక్కన కోరంగిలో తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల, కళింగ చెట్లు బురదలో గుబురుగా పెరుగుతాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ అడవి సుమారు 235 చదరపు కిలోమీటర్లు. రోజూ పోటూ పాటూ, ఉప్పునీళ్లు, గాలి ఆడని బురద. తెల్లమడ ఆకు మీద వేలు రాస్తే ఉప్పు రవ్వలు తగులుతాయి. ఆ ఆకు చూడ్డానికి ఏ తెగులూ లేకుండా నిగనిగలాడుతున్నా లోపల కణాల సందుల్లో శిలీంధ్రాలు కాపురం ఉంటాయి. మొక్కకు రోగం తేకుండా లోపలే బతికే వీటిని ఎండోఫైట్లు అంటారు. అంత ఉప్పులో, అంత ఇరుకులో బతికేవి కాబట్టి కొత్తరకం రసాయనాలు చేస్తాయేమోనని మందుల పరిశోధకులకు వీటిమీద ఆశ.

మన డెల్టాల్లో ఈ దారి ఎప్పుడో పడింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఉప్పుపొన్న మీద, మడ చెట్ల మీద పెరిగే శిలీంధ్రాలు ఏమేమిటో వి.వి. శర్మ, బి.పి.ఆర్. విఠల్ 2000లో ప్రచురించారు. పొరుగున తమిళనాడులో వి. కుమరేశన్, టి.ఎస్. సూర్యనారాయణన్ ఆకుల లోపలికి వెళ్లారు. ఉప్పుపొన్న ఆకు లేతగా ఉన్నప్పుడు, ముదిరినప్పుడు, పండుబారినప్పుడు లోపల ఉండే శిలీంధ్రాలు ఎలా మారతాయో 2002లో చూపించారు. ఆకు రాలాక దాన్ని కుళ్లబెట్టే పనిలో ముందునుంచీ లోపల ఉన్నవాటికే వాటా ఉందని వాళ్ల మాట. ఈ టాపిక్ తీసుకునే ఎవరైనా ఇంటర్‌నెట్‌లో దొరికిన చైనా పేపర్లకంటే ముందు ఈ నలుగురి పని చదవాలి. చదవకుండా ఇంటర్వ్యూకు వెళితే మొదటి ప్రశ్నలోనే దొరికిపోతారు.

ఇక చిక్కు ఏమిటంటే, శిలీంధ్రాన్ని గుర్తుపట్టడానికి సంప్రదాయంగా చూసేది దాని బీజాలు, అంటే స్పోర్లు, వాటిని మోసే కాడలు. ఎండోఫైట్లలో చాలావాటికి ప్లేటు మీద స్పోర్లు రావు. తెల్లగానో బూడిదరంగులోనో దూదిలా పెరిగి ఊరుకుంటాయి. అలాంటివాటిని "స్టెరైల్ మైసీలియా" అని రాసి పక్కన పెట్టేస్తారు. సూక్ష్మదర్శిని చేతులెత్తేసిన ఈ చోటే రసాయన ముద్రకు పని పడుతుంది.

రసాయనాన్ని బట్టి పేరు పెట్టడం ఎక్కడ పుట్టింది?

డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఓలే ఫిల్టెన్‌బోర్గ్, యెన్స్ ఫ్రిస్వాద్ పెనిసీలియం శిలీంధ్రాలతో తలపట్టుకున్నారు. ధాన్యం మీద, జున్ను మీద, పండ్ల మీద పెరిగే పచ్చబూజులన్నీ సూక్ష్మదర్శిని కింద ఒకేలా కనిపిస్తాయి. వాళ్లు 1980లో ఒక తేలిక పద్ధతి రాశారు. పెరిగిన బూజు నుంచి చిన్న అగార్ ముక్కను గుండ్రంగా కోసి, దాన్ని నేరుగా సిలికా పూసిన ప్లేటు మీద ఆనించి, ద్రావకం పైకి పాకనివ్వడం. అంతే. 1983లో ఆ మచ్చల వరుసను బట్టే పెనిసీలియంలో ఒక పెద్ద గుంపును వర్గీకరించి చూపించారు. ఒక జాతి ఒక రసాయనం చేస్తే అది పెద్ద ఆధారం కాదు. ఐదారు రసాయనాల కట్ట మొత్తంగా, మళ్లీ మళ్లీ అదే జాతిలో కనబడితే అది ఆ జాతి ముద్ర. 1987 నాటికి ఇదే పనిని హెచ్‌పీఎల్‌సీ మిషన్ మీదికి ఎక్కించారు. ఇప్పుడు మాస్ స్పెక్ట్రోమీటర్లు వచ్చాయి.

ఈ ఆలోచనకు అంతకంటే పాత ఉదాహరణ మన పొలంలోనే ఉంది. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. వెతికితే బ్రెజిల్ నుంచి దాణాకు తెచ్చిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. దానిలో బూజు, ఆ బూజులో విషం, పేరు అఫ్లాటాక్సిన్. సిలికా ప్లేటు మీద విడదీసి అల్ట్రావయొలెట్ కాంతి కింద పెడితే కొన్ని మచ్చలు నీలంగా, కొన్ని ఆకుపచ్చగా వెలిగాయి. నీలానివి బీ, ఆకుపచ్చవి జీ అయ్యాయి. మన దేశంలో దీని దెబ్బ 1974లో తగిలింది. రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడితే 106 మంది చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని పరిశోధించి లోకానికి చెప్పారు.

ఆ విషం చేసే శిలీంధ్రాల్లో ముఖ్యమైనవి రెండు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, ఆస్పర్జిల్లస్ పారాసిటికస్. ప్లేటు మీద రెండూ పసుపు కలిసిన పచ్చగా ఉంటాయి, కొత్తవాళ్లు తికమకపడతారు. రసాయనం అడిగితే మాత్రం విడిపోతాయి. ఫ్లేవస్ సాధారణంగా బీ రకం విషాలను మాత్రమే చేస్తుంది, దాంతోపాటు సైక్లోపియాజోనిక్ ఆమ్లం కూడా చేయగలదు. పారాసిటికస్ బీ, జీ రెండూ చేస్తుంది, సైక్లోపియాజోనిక్ ఆమ్లం చేయదు. ఎర్లిచ్ రియేజెంట్ చల్లితే ఆ ఆమ్లం మచ్చ ఊదారంగుకు తిరుగుతుంది. అంటే ఒక నీలిమచ్చ, ఒక పచ్చమచ్చ, ఒక ఊదామచ్చ, ఉన్నాయా లేవా అన్న మూడు ప్రశ్నలతో ఒక గుర్తింపు. మడ ఆకులోంచి తీసిన శిలీంధ్రానికి చేసేదీ ఇదే, కాకపోతే మచ్చలు మూడు కాదు, ముప్ఫై ఉంటాయి.

దేవనకొండలో కూర్చుని ఎలా నేర్చుకోవాలి?

బుడ్డల పంట చివర్లో వాన మొహం చాటేస్తే ఏమవుతుందో ఇక్కడి రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. కాయ ముదిరే నాలుగైదు వారాలు బెట్ట పడి, కాయ చుట్టూ మట్టి 26 నుంచి 31 డిగ్రీల వేడిలో ఉంటే ఫ్లేవస్ గింజలోకి దూరుతుంది. పీకాక తడిలో కుప్ప వేస్తే అది ఇంకా పెరుగుతుంది. అంటే మొక్క లోపల బతికే శిలీంధ్రాన్ని చదవాలంటే కోరంగి దాకా పోనక్కర్లేదు. ఆదోని యార్డులో, ఎమ్మిగనూరు యార్డులో తూర్పారబట్టాక పక్కన మిగిలే ముడుచుకుపోయిన గింజలు, పుచ్చులు, మొలకెత్తినవి గుప్పెడు అడిగి తెచ్చుకుంటే చాలు.

కాలేజీ ల్యాబులో చేసే పని ఇలా ఉంటుంది. గింజ పైతొక్కుకు అంటిన బూజు వేరు, లోపలి బూజు వేరు. మనకు కావలసింది లోపలిది. గింజలను కుళాయి నీళ్ల కింద కడిగి, 70 శాతం ఆల్కహాలులో ఒక నిమిషం, సోడియం హైపోక్లోరైట్‌లో రెండు మూడు నిమిషాలు ముంచి, ఆటోక్లేవ్ చేసి చల్లార్చిన నీళ్లలో మూడుసార్లు జాడించాలి. ఆఖరిసారి జాడించిన నీళ్లు ఒక చుక్క విడిగా ప్లేటు మీద వేయండి. ఆ ప్లేటు మీద ఏదైనా మొలిస్తే మీ శుద్ధి సరిగా జరగలేదు, ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టాల్సిందే. చాలామంది విద్యార్థులు వదిలేసే మెట్టు ఇదే, ఇంటర్వ్యూలో తెలిసినవాళ్లు పట్టుకునే మెట్టూ ఇదే. మడ ఆకుకైనా వరుస ఇంతే, కాకపోతే ఆకును అర సెంటీమీటరు ముక్కలుగా కోస్తారు, బ్యాక్టీరియా రాకుండా మీడియంలో యాంటీబయోటిక్ కలుపుతారు.

తరువాత ఒక్కో బూజును విడిగా పెంచాలి. కొబ్బరి పాలతో చేసిన అగార్ మీద ఏడు రోజులు పెంచి, అల్ట్రావయొలెట్ ల్యాంపు కింద ప్లేటును తిరగేసి చూడండి. విషం చేసే ఫ్లేవస్ అయితే కాలనీ చుట్టూ నీలి వెలుగు వస్తుంది. ఇంకో ప్లేటు మూతలో రెండు చుక్కలు అమోనియా వేసి బోర్లిస్తే, విషం చేసేవాటి కాలనీ అడుగు కాసేపట్లో గులాబీ రంగుకు తిరుగుతుంది. ఈ రెండూ ఎక్కువ ఖర్చు లేనివి. ఇక మూడోది ఆ అగార్ ముక్క పద్ధతి. టోలీన్, ఇథైల్ ఎసిటేట్, ఫార్మిక్ ఆమ్లం ఐదు, నాలుగు, ఒకటి వంతులు కలిపిన ద్రావకంలో ప్లేటును నిలబెట్టి, పైకి పాకాక ఆరబెట్టి, ల్యాంపు కింద చూసి, ఒక్కో మచ్చకు పెన్సిలుతో గీత గీసి, ఎత్తు కొలిచి రాసుకోవాలి. పక్కన తెలిసిన రసాయనం ఒకటి తప్పనిసరిగా పెట్టాలి. డెన్మార్క్ వాళ్లు గ్రిసియోఫల్విన్ పెట్టేవారు. తామరకు డాక్టర్లు రాసే మందే అది, 1939లో పెనిసీలియంలోంచే తీశారు. మీ ప్లేటు మీద అది ఎక్కడ ఆగిందో చెబితే, పుణెలో ఇంకొకరు తమ ప్లేటుతో మీదాన్ని పోల్చుకోగలరు. తెలిసిన మచ్చ పక్కన లేని ప్లేటు చూడ్డానికి ఫొటో, అంతకుమించి పనికిరాదు.

జాగ్రత్త గురించి మెత్తగా చెప్పను. అఫ్లాటాక్సిన్ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని తేలిన పదార్థం. ఈ పని ఇంట్లో, హాస్టల్ గదిలో చేయకూడదు. మాస్కు, చేతొడుగులు, మూసిన క్యాబినెట్ లేకుండా ముదిరిన ప్లేటు మూత తీయకూడదు. ఆస్తమా ఉన్నవాళ్లు అసలు పెట్టుకోవద్దు. అల్ట్రావయొలెట్ ల్యాంపు ముందు కళ్లద్దాలు ఉండాలి. పని అయ్యాక ప్లేట్లు ఆటోక్లేవ్ చేయకుండా చెత్తబుట్టలో వేస్తే అది నేరం కింద లెక్కవేసుకోండి. గైడు "ఏం కాదులే" అంటే ఆ గైడు దగ్గర ఇంకేం నేర్చుకోవాలో ఆలోచించుకోండి.

ముద్ర పడకపోతే?

రేషన్ షాపులో ముసలి కూలీ వేలు పెడితే మిషన్ ఒప్పుకోదు. గీతలు అరిగిపోయి ఉంటాయి. మనిషి మాత్రం ఆయనే. శిలీంధ్రం రసాయన ముద్రతోనూ ఇదే తిప్పలు. ఒక మీడియంలో చేసిన రసాయనాన్ని ఇంకో మీడియంలో చేయదు. ఇరవై అయిదు డిగ్రీల దగ్గర చేసింది ముప్ఫై ఏడు దగ్గర మానేస్తుంది. ల్యాబులో నెలల తరబడి మార్చిమార్చి పెంచితే చేయడం మరిచిపోతుంది. విషం చేయని ఫ్లేవస్‌లు ప్రకృతిలోనే ఉన్నాయి. వాటినే పొలంలో చల్లి విషపు ఫ్లేవస్‌ను గెంటించే పద్ధతి అమెరికాలో, ఆఫ్రికాలో నడుస్తోంది. జపాన్ వాళ్లు సోయా సాస్‌కు వాడే ఆస్పర్జిల్లస్ ఒరైజే జన్యువుల లెక్కన ఫ్లేవస్‌కు సొంత తమ్ముడు, కానీ అఫ్లాటాక్సిన్ చేయదు. అందుకే మచ్చ కనిపిస్తే చెప్పే మాటకు ఉన్న బలం, కనిపించకపోతే చెప్పే మాటకు లేదు. ఈ ఒక్క సంగతి మీ రిపోర్టులో సరిగ్గా రాయగలిగితే మీరు సగం విశ్లేషకులు అయినట్టే.

కాబట్టి రసాయనం ఒక్కటే పట్టుకుని పేరు పెట్టొద్దు. ఇప్పటి పద్ధతి మూడు కాళ్ల మీద నిలబడుతుంది. ప్లేటు మీద, సూక్ష్మదర్శిని కింద రూపం, రసాయనాల కట్ట, డీఎన్‌ఏ. డీఎన్‌ఏలో ఐటీఎస్ అనే ముక్కను 2012లో శిలీంధ్రాలన్నిటికీ సామాన్య గుర్తుగా ఒప్పుకున్నారు. కానీ ఆస్పర్జిల్లస్, పెనిసీలియంలలో దగ్గరి జాతుల్ని అది విడదీయలేదు. ఆస్పర్జిల్లస్‌కు కాల్మోడ్యులిన్, పెనిసీలియంకు బీటా ట్యూబులిన్ జన్యువు చూడాలి. "ఐటీఎస్ పంపించాం, 99 శాతం ఫ్లేవస్ అని వచ్చింది" అని రాసిన రిపోర్టు మీద ఎవరైనా సంతకం పెట్టమంటే పెట్టకండి.

మందుల ఆశ గురించీ ఒక మాట. 1993లో అమెరికాలో యూ చెట్టు లోపలి శిలీంధ్రం ఒకటి క్యాన్సర్ మందు టాక్సాల్‌ను తానే చేస్తోందని ప్రకటించారు. దాంతో లోకమంతా ఎండోఫైట్ల వెంట పడింది. ఇరవై ఏళ్లకు, 2013లో, జర్మనీ పరిశోధకులు ఆ శిలీంధ్రాన్నీ మరికొన్నిటినీ తిరగేసి చూస్తే టాక్సాల్ చేయడానికి కావలసిన జన్యువుల జాడ కనబడలేదు. అయినా "మడ ఎండోఫైట్ల క్యాన్సర్ నిరోధక శక్తి" అన్న శీర్షికలు మాత్రం ఇప్పటికీ ఆగలేదు. అలాంటి టాపిక్ ఇస్తే, వర్గీకరణ భాగం నేను చేస్తానని అడగండి. నేర్చుకునేది అక్కడే ఉంది.

ఉద్యోగం ఎక్కడుంది?

అన్నిటికంటే దగ్గరి తలుపు ఆహార పరీక్ష. యూరప్‌కు నేరుగా తినడానికి పంపే వేరుశనగలో కిలోకు మొత్తం అఫ్లాటాక్సిన్ 4 మైక్రోగ్రాములు, అందులో బీ1 రెండు మైక్రోగ్రాములు దాటకూడదు. మన దేశంలో నేరుగా తినే గింజలకు హద్దు 10, మిల్లుకు పోయేవాటికి 15. పాలలో ఎం1 హద్దు కిలోకు అర మైక్రోగ్రాము. విషం ఉన్న చెక్క ఆవు తింటే పాలలోకి వచ్చే రూపం ఈ ఎం1. ఎగుమతి లాటు కదలాలంటే ఎగుమతుల సంస్థ అపీడా నిబంధనల ప్రకారం పరీక్ష సర్టిఫికెట్ ఉండాలి, ఆ పరీక్ష ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబు చేయాలి. ఈ గొలుసులో ప్రతి లింకు దగ్గరా ఒక మనిషి కావాలి.

అక్కడ ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో ఊహించుకోండి. థీసిస్ పేరు ఎవరూ అడగరు. "లాటులోంచి శాంపిల్ ఎలా తీశారు?" అంటారు. బస్తా పైనుంచి గుప్పెడు తీశామంటే అక్కడే అయిపోయింది. విషం బస్తా అంతా సమంగా ఉండదు. వెయ్యి గింజల్లో ఒక్కటి పాడై ఉండొచ్చు, కానీ ఆ ఒక్కదాంట్లోనే లాటును తిప్పికొట్టేంత ఉండొచ్చు. అందుకే యూరప్ నిబంధనల్లో పెద్ద లాటుకు వందచోట్ల తీసి 20 కిలోల శాంపిల్ చేయమంటారు. తరువాత "రికవరీ ఎంత?" అంటారు. శుభ్రమైన పిండిలో తెలిసినంత విషం కలిపి, మీ పద్ధతితో తీస్తే ఎంత తిరిగి వచ్చిందన్నది ప్రశ్న. "బ్లాంక్‌లో పీక్ వస్తే ఏం చేస్తారు?" అంటారు. హెచ్‌పీఎల్‌సీ మీద కూర్చున్నవాళ్లకే జవాబు తెలిసే ప్రశ్నలివి. కాబట్టి ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్‌లోనే ఆ మిషన్ ఉన్న చోట రెండు నెలలు పని దొరికించుకోవాలి. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం మనకు అందుబాటులో ఉన్నవి. వేరుశనగ కోసమైతే కదిరి పరిశోధన స్థానం, పటాన్‌చెరులోని ఇక్రిశాట్. అఫ్లాటాక్సిన్‌కు చవకగా అయ్యే ఎలైసా పరీక్షను ఇక్రిశాట్‌లో తయారుచేశారు, దాన్ని నేర్చుకుంటే బయోడేటాలో బరువున్న వాక్యం అవుతుంది. పక్కనే ఎమ్మిగనూరు దగ్గర బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం, ఆదోనిలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నాయి. అక్కడ మిషన్లు ఉన్నా లేకపోయినా, పంటలో ఏ బూజు ఎప్పుడొస్తుందో చెప్పే మనుషులు ఉంటారు.

ప్రైవేటు ఉద్యోగంలో ఉండి దీంట్లోకి రావాలనుకునేవాళ్లకు ఇంకో తలుపుంది, సాఫ్ట్‌వేర్. మాస్ స్పెక్ట్రోమీటర్ ఇచ్చే వేల గీతలను చదివి గుంపులు చేయడానికి ఎంజీమైన్, జీఎన్‌పీఎస్, ఆర్ అనేవి ఉచితంగా దొరుకుతాయి. జీఎన్‌పీఎస్‌లో లోకంలోని ల్యాబులు ఎక్కించిన డేటా తెరిచే ఉంటుంది, శిలీంధ్రాలది కూడా. రాత్రి అన్నం తిన్నాక గంట కూర్చుని, నెట్ ఉన్న కంప్యూటర్ మీద, ఒకరి డేటా తీసుకుని రసాయనాల పోలికను బట్టి చెట్టు గీసి చూడొచ్చు. ల్యాబులో చేయి తిరిగినవాళ్లున్నారు, డేటా చదివేవాళ్లున్నారు, రెండూ వచ్చినవాళ్లే తక్కువ. ప్రైవేటు ఉద్యోగాల్లో పనిచేస్తున్న మైక్రోబయాలజీ పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే.

పరిశోధనలోకే వెళ్తానంటే సీఎస్‌ఐఆర్ నెట్ రాయాలి. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. ఈ రేట్లు 2023 జనవరి నుంచి అమల్లో ఉన్నాయి. మడ శిలీంధ్రాల మీద పనిచేయాలనుకుంటే లైఫ్ సైన్సెస్ పేపరు సరిపోతుంది, కానీ ఆర్గానిక్ కెమిస్ట్రీ గట్టిగా చదవండి. మచ్చ వెనక ఉన్న అణువును చదవలేని వర్గీకరణకారుడికి పైకి దారి మూసుకుపోతుంది.

గైడు దగ్గర చేరేముందు

కొన్ని సంగతులు ముందే అడిగి తెలుసుకోవాలి. కోరంగి అభయారణ్యం కాబట్టి ఆకు కోయాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. అది చేతిలో ఉందా? తీసిన శిలీంధ్రాలను ఎక్కడ దాస్తారు? పుణెలోని అఘార్కర్ సంస్థలో జాతీయ శిలీంధ్రాల కల్చర్ కలెక్షన్, చండీగఢ్‌లో ఎంటీసీసీ ఉన్నాయి. అక్కడ జమచేసి నంబరు తీసుకోని శిలీంధ్రం మీ ఫ్రిజ్ చెడిపోయిన రోజు మాయమవుతుంది, దాంతోపాటు మీ పేపరు మీద నమ్మకమూ పోతుంది. విదేశీ ల్యాబుకు కల్చర్ పంపాలంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ఏ అనుమతులు కావాలో ముందే చూసుకోవాలి, కొరియర్‌లో పెట్టి పంపే వ్యవహారం కాదది. డబ్బు తీసుకుని నెలరోజుల్లో ప్రాజెక్టు చేసిపెడతామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. వాళ్లిచ్చే ఫైలులో గ్రాఫులు ఉంటాయి, మీ చేతికి పని మాత్రం రాదు.

చివరిగా ఈ మాట పిల్లలకంటే ఆదోని, ఎమ్మిగనూరు డిగ్రీ కాలేజీల అధ్యాపకులకు. 365 నానోమీటర్ల ల్యాంపు ఒకటి, సిలికా ప్లేట్ల పెట్టె ఒకటి, కొద్దిగా అమోనియా, కొబ్బరికాయలు. సురక్షితమైన క్యాబినెట్ ఉన్న ఏ ల్యాబులోనైనా ఈ ప్రాక్టికల్ పెట్టొచ్చు. ఖరీఫ్ బుడ్డలు యార్డుకు దిగే నెలల్లోనే పెట్టండి.